మట్టి మోసి నడిచిన హద్దు

పోలీసు చర్య ముగిశాక, తలదాచుకున్న చోటు నుంచి ఆలేరు దగ్గరి మా పల్లెకు తిరిగొచ్చాం. అప్పటికి నేను కొత్త కోడలిని. అంతకుముందు రజాకార్ల లారీలను ఆపడానికి ఊరివాళ్లు పొలాల హద్దురాళ్లు పెకిలించి బాటకు అడ్డంగా పేర్చారు. రాళ్లు లేకపోయేసరికి పక్క చేను మల్లయ్య మా చేనులోకి నాగలి తోలాడు. మా ఆయన గొడ్డలి అందుకున్నాడు.

మా అత్త ఇద్దరి మధ్యకు వెళ్లింది. హద్దు తగాదా వస్తే, ఒకరు తడిబట్టలతో, ఆ చేని మట్టి నెత్తిన పెట్టుకుని, హద్దు వెంట నడిచి చూపడం మా వైపు ఆచారం. అబద్ధపు హద్దు నడిస్తే వంశం నిలవదని నమ్మకం. అత్తే నడుస్తుందనుకున్నాం. ఆమె బిందెడు నీళ్లు మల్లయ్య మీద గుమ్మరించి, మట్టిపెళ్ల అతని నెత్తిన పెట్టింది.

"నువ్వే నడువు మల్లయ్యా. నువ్వెట్ల పోతే గట్లనే హద్దు. మేం ఒప్పుకుంటం."

అతను తాను దున్నిన చాలు వెంట కొంతదూరం నడిచి ఆగాడు. తర్వాత మెల్లగా తన చేనువైపు జరిగాడు. వంశం పోతుందన్న భయంలో పాత హద్దు కూడా దాటి తన చేనులోకే వెళ్లిపోయాడు.

అత్త అతని భుజం పట్టుకుంది. "ఆగు. గది నీ జాగా. జర గిటు రా."

మల్లయ్య ఏడ్చేశాడు. మా ఆయన గొడ్డలి పడేసి, బాట మీది రాయి తేవడానికి పోయాడు.

ఆ కాస్త నేల మాకు కలవాలంటే అత్త మాట్లాడకుండా ఉంటే చాలు. ఆమె ఉండలేదు.