పురుగుల ముందర అనకూడని మాట

పరగోడు ఊరి అంజినప్ప పేరు బాగేపల్లి తాలూకాలో పట్టుపురుగుల పెంపకం చూసే రేష్మె ఇలాఖా జీపు డ్రైవరుకు కూడా తెలుసు. చదివింది నాలుగో తరగతి. అయితే ఏమి? ఊర్లో మొదటి బోరు ఆయనదే. తెల్ల గూళ్ళు కట్టే కొత్త జాతి పురుగు మన ఎండకు నిలవదని అందరూ నవ్వుతాంటే, తెచ్చి పెంచి చూపించింది ఆయనే. పొద్దున బస్సు మెయిన్ రోడ్డు మీదనే పోకుండా ఊర్లోకొచ్చి తిరుక్కొని పోతాందంటే, దాని వెనక ఆయన అరగదీసిన చెప్పులుండాయి. బడికి కాంపౌండు గోడ కట్టించినాడు. కోలారులో జిల్లా సభలో శాలువ కప్పి, తలకు మైసూరు పేట పెట్టి సన్మానం చేసినారు. అప్పటికి మన పక్కంతా కోలారు జిల్లానే.

ఆ సన్మానం అయినాకనే ఇలాఖావాళ్ళు ఆయన పురుగులింటి గోడకు పచ్చరంగు పూసి, పదిమందికీ ఆదర్శమని తెల్లటి అక్షరాలతో రాయించిరి: మాదరి రైతు అంజినప్ప, ఏడాది ఆదాయం ఇంత. ఆ ఇంత అనేది ఆయన నోటితో చెప్పిందే. బాగా పండిన ఒక పంటకు వచ్చిందాన్ని, ఏడాదిలో ఎన్ని పంటలు తీయొచ్చో అన్నింటికీ హెచ్చించి చెప్పినాడు. అది అబద్ధమని ఆయన అనుకోలేదు. రేష్మె ఇండ్లల్లో పోయిన పంటను ఎవరూ లెక్కలోకి తేరు. పురుగులుండే ఇంట్లో నష్టం మాట, చావు మాట ఎత్తకూడదు. ఎత్తితే పురుగు వింటాది, మేత విడుస్తాది. ఆయన భార్య మునిరత్నమ్మకు ఈ సంగతి అత్త చెప్పింది, ఆ అత్తకు వాళ్ళత్త చెప్పింది. పంట ఎట్లుండాదని ఎవరడిగినా గడప లోపల ఒకటే జవాబు: బాగుండాది.

వాళ్ళకు ఒకటే కూతురు, మంజుశ్రీ. చింతామణిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివి, 2005లో బెంగుళూరు సర్కారు యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటు తెచ్చుకునింది. ఊర్లో ఆడపిల్లలకు గానీ మగపిల్లలకు గానీ అంతకు ముందు రాని సీటు. అంజినప్ప ఆ సంగతి బస్సు కండక్టరుకు కూడా చెప్పినాడు. అయితే అప్పటికే బోరు అడుగంటింది, గూళ్ళ ధర పడిపోయింది, మల్బరీ తోట సగం ఎండి కట్టెలయింది. ఫీజు, హాస్టలు మాఫీ కావాలంటే ఆదాయం తక్కువని తాలూకాఫీసు పత్రం ఇవ్వాల. దానికి విలేజ్ అకౌంటెంటు వచ్చి, కండ్లతో చూసి, రాసుకొని పోవాల.

ఆ అకౌంటెంటు పేరు నాగరాజ్. మంచివాడే. వచ్చినవాడు ఇంటికి రాకుండా నేరుగా పురుగులింటి గడప దాటినాడు. పురుగులు నాలుగో జ్వరం లేచి, అంటే ఆఖరి పొర విడిచి, తట్టల నిండా ఆకలి మీద ఉండాయి. ఇంకో వారం కాపాడుకుంటే గూడు కడతాయి.

"ఏమన్నా, పోయిన పంట చేతికి రాలేదంట గదా. ఎంత నష్టమొచ్చిందో చెప్పు, ఉన్నదున్నట్ల రాస్తా."

అంజినప్ప తట్టల దిక్కు చూసినాడు. "పంటకేం సార్. బాగుండాది."

"బాగుండాదా? బోర్లో నీళ్ళు లేవని ఊరంతా అంటాండారే."

"దేవుడి దయ సార్. ఏం తక్కువ లేదు."

"సార్, మజ్జిగ తాగుదురు, బయటికి రాండి," అని మునిరత్నమ్మ వాకిట్లోంచి ఒకటికి రెండుసార్లు పిలిచింది. నాగరాజ్‌కు ఇంకా వేరే ఊర్లుండాయి. పోతా పోతా పచ్చగోడ చదివి నవ్వినాడు.

"నీకు మాఫీ ఏందన్నా? నువ్వే పదిమంది పిల్లోళ్ళను చదివించేటట్లుండావు," అని గోడ మీదుండే ఆదాయమే రాసి, కింద అంజినప్ప దగ్గర సంతకం తీసుకొని పోయినాడు.

"నోట్లో ఏం పెట్టుకోనుంటివి?" అనింది మునిరత్నమ్మ. "వారం ఆగి రమ్మని అయినా అనకూడదా?"

"ఎందుకు ఆగమంటాండానో పురుగుకు తెలీదా?"

తెలుస్తాదని మునిరత్నమ్మకూ నమ్మకమే.

ఆ పంట నిలిచిందా అంటే, అదీ లేదు. సగం పురుగులు రోగమొచ్చి, ఒళ్ళంతా పాలుకారి చచ్చిపోయె. అంజినప్ప వాటిని చేను చివర గుంత తీసి పూడ్చి, చేతులు కడుక్కొని వచ్చినాడు.

మాఫీ పోయినాక మిగిలింది బ్యాంకు. సర్కారుకు బీదవాడు కావాల, బ్యాంకుకు ఉన్నవాడు కావాల. మేనేజరు ఊరికొచ్చి పచ్చగోడ చూసి, ఇట్లాంటి రైతులుండాలని భుజం తట్టి, గోడ మీదుండే ఆదాయమే చదువు అప్పు కాగితంలో రాయించినాడు. వేలిముద్రకని ఇంకు డబ్బీ తీస్తే, "మా వంశంలో వేలు ముంచేవాళ్ళు లేరు సార్," అని అంజినప్ప కన్నడంలో ఇంతింత అక్షరాలతో సంతకం పెట్టినాడు.

ఏడాది తిరిగింది. రెండో ఏటి ఫీజు కట్టే గడువు దగ్గరపడింది. మంజుశ్రీ ఫోన్లో తేల్చి చెప్పింది. "ఈసారన్నా మాఫీ రాకుంటే బ్యాంకు అప్పులో రెండో కంతు తీసుకోనప్పా. ఇప్పటికే వడ్డీ పెరుగుతాండాది. చదువు నిలిపేసి ఇంటికొచ్చేస్తా."

సగం చదువుతో తన కూతురు ఊర్లో బస్సు దిగడాన్ని అంజినప్ప ఊహించుకోలేకపోయినాడు. నాగరాజ్ ఆ పొద్దు బస్సులో వచ్చినాడని తెలిసి, తిరిగిపోయే వేళకు బస్సు తిరిగే మలుపులో కాచుకున్నాడు. పురుగులింటికి ఆ చోటు దూరమే. అయినా పిడికెడు మన్ను తీసి వదిలి, గాలి ఇంటి దిక్కు పోవడం లేదని చూసుకున్నాడు. అప్పుడు నోరు తెరిచినాడు.

"పంటలన్నీ పోతాండాయి సార్. బోర్లో దుమ్మొస్తాది. గోడ మీదుండేది ఒట్టి రంగు."

అంత మాట ఆయన నోట రావడం అదే మొదలు.

"పోయినేడు నీ ఎదురుగా నిలబడి అడిగితినే అన్నా. అప్పుడు చెప్పుంటే సరిపోయేది. ఇప్పుడు నువ్వు పెట్టిన సంతకముండాది. బ్యాంకులో అదే ఆదాయం చూపి అప్పు తెచ్చినావు. బీదవాడని నేను రాస్తే పైవాళ్ళు నన్నడుగుతారు, బ్యాంకువాళ్ళు నిన్నడుగుతారు. రెండో కంతు కూడా నిలిపేస్తారు. పాపకు అదీ ఇదీ లేకుండా పోతాది."

"అట్లయితే నేనెవరు సార్? బీదవాడినా, మాదరి రైతునా?"

"బస్సొస్తాండాది అన్నా."

అంజినప్ప తెప్పించిన బస్సే వచ్చి, మలుపులో తిరుక్కొని, నాగరాజ్‌ను ఎక్కించుకొని పోయింది.

ఇంటికొస్తే మునిరత్నమ్మ అడగకుండానే ముఖం చదివింది. "ఆ గోడకన్నా సున్నం కొట్టు," అనింది.

"కొడితే బ్యాంకువాడు ఊరుకుంటాడా?"

మేత వేళయింది. ఆకు బుట్ట చంకన పెట్టుకొని పురుగులింట్లోకి పోయినాడు. ఈ పంటా నాలుగో జ్వరం దాటింది. పురుగులు ఆకు కొరికే చప్పుడు, చెట్ల మీద సన్న వాన పడినట్లు, ఇల్లంతా నిండింది. జేబులో సెల్లు మోగింది.

"అప్పా, ఆ సార్ రాసిచ్చినారా?"

అంజినప్ప తట్టల దిక్కు చూసినాడు.

"బాగుండాది పాపా. పంట బాగుండాది."

ఆ పిల్ల పుట్టింది ఆ తట్టల పక్కనే, నడక నేర్చింది పురుగులు గూడు కట్టే ఆ వెదురు చంద్రికలు పట్టుకొనే.

"పురుగులింట్లో ఉండావా అప్పా?"

"ఊ."

"సరే. బయటికొచ్చినాక నువ్వే ఫోన్ చెయ్యి. ఎదురుచూస్తాంటా."

సెల్లు జేబులో వేసుకొని బుట్టలో ఉండే ఆకంతా పరిచినాడు. అయిపోయింది. బయట మునిరత్నమ్మ పిలుస్తాండాది. అంజినప్ప మొదటి తట్ట దగ్గరికి మళ్ళీ పోయి, పరిచిన ఆకునే ఒక్కొక్కటి తీసి, సరిచేసి పెడతా ఉండిపోయినాడు.