వెలుగుకు పట్టిన గుడ్డు

నా చిన్నప్పుడు మేము బోరబండలో ఉండేవాళ్ళం. అవతల గుట్టలు పేల్చి అద్దాల మేడలు కట్టడం అప్పుడప్పుడే మొదలైంది. మధ్యాహ్నం పూట ఎక్కడో ధన్‌మని మోత వచ్చేది. మా రేకుల ఇల్లు అదిరేది, గంపలో పొదుగుతున్న కోడి ఉలిక్కిపడేది. ఉరిమితే గుడ్లు మురుగుతాయని వాడలో అందరూ నమ్మేవారు. ఈ పేలుళ్ళు ఉరుముల కంటే చెడ్డవని మా నానమ్మ తీర్మానించింది.

ఆ వేసవిలోనే తమ్ముడు ఏడో నెలలో పుట్టాడు. కొన్నాళ్ళు ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ఉండి ఇంటికి వచ్చాడు. పంపేటప్పుడు పిల్లల డాక్టరు ఒకటే మాట చెప్పాడు. నెల నిండేలోగా కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళండి, ఆలస్యమైతే చూపు పోవచ్చు అని.

నానమ్మ ససేమిరా అంది. పసివాడు నలభై రోజులు గడప దాటకూడదు. వాడు పుట్టిందే ఆసుపత్రిలో, ఇంటికి వచ్చిందే ఆటోలో. అయినా ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచి ఆవిడ కొత్తగా లెక్క మొదలుపెట్టింది. పైగా వాడి కళ్ళు నేరేడు పళ్ళలా నిగనిగలాడుతున్నాయి, చూడవచ్చిన ప్రతివాళ్ళూ అదే అన్నారు. మా నాన్న జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. లోకానికి మందులు తయారుచేసే ఆ మనిషికి తల్లి ముందు నోరు పెగిలేది కాదు. అమ్మ గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకునేది.

ఆచారం గురించి న్యాయంగా ఒక మాట చెప్పాలి. బాలింతను పనిలోకి లాగకుండా, పసివాడికి ఊరి రోగాలు అంటకుండా ఆ నలభై రోజులు ఒకప్పుడు ఎందరినో కాపాడి ఉంటాయి. కాదనను. కానీ ఎందుకు పెట్టారో అందరూ మరచిపోయిన నియమం, తాళంచెవి పోయిన తలుపు లాంటిది. లోపల ఇల్లు తగలబడుతున్నా అది తెరుచుకోదు. ఆ తలుపుకు పసుపు రాసి దండం పెట్టేవాళ్ళ మీద నాకు ఈనాటికీ కోపమే.

డాక్టరు చెప్పిన నెల గడువు దగ్గరపడ్డాక ఒక మధ్యాహ్నం మా ఇంటి ముందు ఆటో ఆగింది. కంటి డాక్టరమ్మ దిగింది. రావలసిన బిడ్డ రాలేదని చిరునామా వెతుక్కుంటూ తనే వచ్చింది. పొద్దున పసివాళ్ళ కళ్ళూ ముసలివాళ్ళ కళ్ళూ చూడటం, ఆ తర్వాత ఆ జబ్బులు ఎందుకొస్తాయో పరిశోధించడం ఆవిడ పని అని తర్వాత తెలిసింది. నానమ్మ గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది.

“ఏంది డాక్టరమ్మా, మా పిల్లగాడు మంచిగుంటే నీకేం పరేషాన్?”

ఆవిడ వాదించలేదు. మంచినీళ్ళు అడిగి తాగి, నానమ్మ పక్కనే గడప మీద కూర్చుంది. కాసేపటికి కోడి గంప వైపు చూసింది.

“ఆ గుడ్లన్నీ పిల్లలవుతాయా అండీ?”

“అన్నీ ఎట్లయితయి? మురిగినయి తీసేసిన. చూసే పెట్టిన.”

“పైకి అన్నీ ఒకేలా ఉన్నాయి కదండీ. ఏం చూశారు?”

“పైన చూస్తే ఏం తెలుస్తది?” అంది నానమ్మ, ఇంత చదువుకుని ఇది తెలియదా అన్నట్టు. “జర లోపలికి రా, చూపిస్త.”

తలుపు మూసింది. కోడి కింద చెయ్యి పెట్టింది. కోడి కసిగా పొడిచింది. లెక్కచేయకుండా ఒక గుడ్డు తీసి, పిడికిట్లో నిలబెట్టి, కింద నుంచి బ్యాటరీ లైటు వేసింది. గుడ్డు ఎర్రగా వెలిగింది. లోపల ఒక నల్లటి చుక్క, దాని చుట్టూ వెంట్రుకల్లాంటి నరాలు. అంత అందమైన వస్తువును నేను అదివరకు చూడలేదు. డాక్టరమ్మ నాకంటే చిన్నపిల్లలా వంగి చూసి, ఈ నరాలు ఇటు చివరిదాకా రాలేదేమని అడిగింది.

“ఇంక పారుతయి. నడుమల ఆగితే పిల్ల కాదు.”

అప్పుడు చెప్పింది ఆవిడ, మెల్లగా. కంటి వెనక ఒక పల్చటి పొర ఉంటుందట. దాని మీద కూడా నెత్తుటి నరాలు ఇలాగే మధ్యలోంచి అంచుదాకా పాకుతాయట. తల్లి కడుపులో పూర్తికావలసిన పని అది, మనవడు తొందరపడి వచ్చేశాడు. ఇప్పుడవి తిన్నగా పాకుతున్నాయో, దారి తప్పి ఆ పొరనే లాగి ఊడదీస్తాయో పైనుంచి చూస్తే ఎవరికీ తెలియదు.

“మీలాగే నేనూ లైటు వేసి చూడాలండీ. అంతే.”

నానమ్మ కోడి పొడిచిన వేలిని చూసుకుంది. ఉన్నట్టుండి పకపకా నవ్వింది.

“కోడి పొడుస్తదని గుడ్లు చూసుడు ఆపుతమా? ఇగ ఈ ఇంట్ల పొడిచే కోడిని నేనే అయిన! ఓ పిల్లా, ఆ శాలువ ఇటు తే.”

పసివాణ్ణి శాలువలో చుట్టుకుని గడప దాటింది నానమ్మే. అమ్మ ఏడుస్తూ నవ్వుతూ చెప్పులు కూడా మరచిపోయి వెంట పరుగెత్తింది.

ఆసుపత్రిలో వాడి కళ్ళలో చుక్కలు వేశారు. డాక్టరమ్మ తలకు దీపం తగిలించుకుంటే “నెత్తికి బ్యాటరీ కట్టుకున్నదే!” అని నానమ్మ మురిసిపోయింది. నరాలు నిజంగానే దారి తప్పాయి. ఆలస్యం చేయకుండా లేజర్ చేశారు. తర్వాత డాక్టరమ్మ షుగర్ ఉన్న నానమ్మనూ కూర్చోబెట్టింది. ఇప్పటికీ సూదిలో దారం నేనే ఎక్కిస్తానని ఆవిడ ఎంత మొత్తుకున్నా వదల్లేదు. నానమ్మ కంటి వెనకా నెత్తుటి మరకలు కనిపించాయి. ఆ కళ్ళకూ వైద్యం జరిగింది.

కొందరు పిల్లలకే ఇట్ల ఎందుకయితదని నానమ్మ అడిగింది. “మాకింకా పూర్తిగా తెలియదండీ, వెతుకుతున్నాం” అంది ఆవిడ. మా వాడలో జాతకాలు చెప్పేవాడికి తెలియనిదంటూ లేదు. అంత చదివిన మనిషి తెలియదని నిబ్బరంగా అనడం నేను వినడం అదే మొదలు. పరిశోధన కోసం తమ్ముడి నెత్తురు ఒక బొట్టు అడిగితే, “తీస్కో, గని తెలిసిన్నాడు నాకు చెప్పాలె” అని నానమ్మ షరతు పెట్టింది.

వానలు పడ్డాక మరో విడత కోడిపిల్లలు దిగాయి. నా ఒళ్ళో ఉన్న తమ్ముడి ముందు నుంచి ఒక పసుపుపచ్చ పిల్ల గునగున పరుగెత్తింది. వాడి తల దాని వెంటే తిరిగింది. అది ఆగితే చూపు ఆగింది, కదిలితే కదిలింది. “చూస్తుండు! చూస్తుండు!” అని నానమ్మ గల్లీ అంతా వినిపించేలా అరిచింది. నాన్న ఆ కోడిపిల్లను పట్టుకుని ముద్దుపెట్టుకున్నాడు.

ఇప్పుడు తమ్ముడు లావుపాటి కళ్ళద్దాలతో ఆ అద్దాల మేడల్లోనే ఒకదానిలో పనిచేస్తున్నాడు. నాకు జుట్టు నెరిసింది, మూఢనమ్మకాల మీద సభల్లో వాదించి వాదించి గొంతు బొంగురుపోయింది. పెద్దలు చెప్పారు కాబట్టి ఇది ఇంతే అని ఎవరైనా అన్నప్పుడు నా కుడిచెయ్యి దానంతటదే పిడికిలి అవుతుంది, లోపల గుడ్డు ఉన్నట్టు. లైటు వేసి చూశారా అని అడుగుతాను. నేనే ఏదైనా గట్టిగా నమ్మి మాట్లాడేటప్పుడు మాత్రం, పొడిచే కోడిని నేనే అయ్యానేమోనని ముందు నా వేలు చురుక్కుమంటుంది, ఆనాడు నానమ్మను కోడి పొడిచినట్టు.