పడవ కింద పిన్ని

ఎండు నెత్తళ్ళ వాసన ఏసీ గదిలో ఎంత మొండిగా తిష్ఠ వేస్తుందో నాకు ఆ రోజే తెలిసింది. సీతమ్మధారలో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళే ముందు పూర్ణా మార్కెట్‌లో అరకిలో కొని, రెండు కవర్లు చుట్టి సంచి అడుగున పెట్టాను. అయినా ఎదురుగా కూర్చున్న ఇద్దరు తల్లులు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. నేను కౌంటర్లో ఇచ్చిన కాగితాలు నింపుతుంటే మా నాలుగేళ్ళ లహరి సంచిలో చెయ్యి పెట్టి, ఆ వేలెడంత చేపల్ని ఒక్కొక్కటే తీసి గచ్చు మీద వరసగా పేర్చింది. తలలన్నీ ఒక వైపు, తోకలన్నీ ఒక వైపు. వంకరగా ఉన్నదాన్ని తీసేసి వేరేగా పెట్టింది. మీ కుటుంబంలో ఇలాంటి లక్షణాలు ఎవరికైనా ఉన్నాయా అన్న ప్రశ్న ఎదురుగా "ఎవరికీ లేవు" అని నేను అప్పుడే రాసి ఉన్నాను.

ఆటిజం అనే మాట మా ఇంట్లోకి వచ్చి నెల కూడా కాలేదు. మా అత్తగారు ఆ మాట నోటితో అనరు, "అది" అంటారు. "మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడున్నాయమ్మా? ఈ టీవీలూ, సెల్‌ఫోన్లూ, ప్యాకెట్ల తిళ్ళూ వచ్చాకే కదా ఇంటికొకరు తయారవుతున్నారు" అని రోజుకోసారైనా అంటారు. ఆవిడ మాట కొట్టిపారేసే ధైర్యం నాకు లేదు. ద్వారకా నగర్‌లో నేను పాఠాలు చెప్పే కోచింగ్ సెంటర్‌లోనే మరో ఇద్దరు టీచర్ల పిల్లలకి ఇదే మాట చెప్పారు. నా చిన్నప్పుడు ఈ మాట విన్నవాళ్ళే లేరు. ఇది నిజంగానే పెరుగుతోందా, లేక ఎప్పుడూ ఉన్నదానికి ఇప్పుడు పేరు పెట్టుకుంటున్నామా? గచ్చు మీద ఆ చేపల వరస చూసేదాకా ఇది నాకు పేపర్లో చదివే సంగతిలాగే ఉండేది.

తొంభైల మొదట్లో మేం ఫిషింగ్ హార్బర్ పక్కన, అల ఎగిరితే తుంపర గుమ్మంలో పడేంత దగ్గర ఉండేవాళ్ళం. తాతయ్య, మామయ్యలు వేటకి వెళితే, అమ్మమ్మా అమ్మా ఎండు చేపల్ని గంపల్లో మార్కెట్‌కి మోసేవారు. ఉతికిన బట్టల మీద పోర్టు నుంచి వచ్చే ఎర్ర ఖనిజం ధూళి పడేది, అమ్మ దాన్ని తిట్టుకుంటూనే దులిపేది. ఎండలు ముదిరితే తాటి ముంజలు, గొంతు గీరే జీడిమామిడి పళ్ళు, వానలు మొదలైతే మినపరొట్టెతో కానాగంత చేపల పులుసు, ఏ కాలమైనా ఇసకలో గవ్వలాటలు. ఆ ఆటల్లో మాతో పాటు కూర్చుని ఒక్క పందెం కూడా వెయ్యకుండా, మేం విసిరిన గవ్వల్ని ఏరి చిన్నవి ముందు, పెద్దవి వెనక పేర్చి పెట్టేది మా పిన్ని, అమ్మకి ఆఖరి చెల్లెలు. పేరు నూకరత్నం. అప్పటికి ఆవిడకి ఇరవై ఏళ్ళుంటాయి, నాకు ఎనిమిది.

పిన్ని మాట్లాడేది కాదు. ఎవరి మొహంలోకీ చూసేది కాదు. తెల్లన్నంలో ఉప్పు తప్ప ఇంకేమీ కలపనిచ్చేది కాదు, పొరపాటున పులుసు చుక్క పడితే కంచం అవతల పెట్టి లేచిపోయేది. కనుచూపు మేరలో లేని మరబోటు ఎవరిదో ఇంజను చప్పుడు విని పోల్చుకునేది, అది మా మామయ్యదైతే లేచి గుమ్మంలోకి వెళ్ళి నిలబడేది. చేపలు ఎండేసే పని పూర్తిగా ఆవిడదే. ఇసక మీద పరిచిన వలల్లో వేల నెత్తళ్ళు, ఒక్కటి కూడా అడ్డం తిరగకుండా, తలలన్నీ సముద్రం వైపు. ఆ వరసల మధ్య నడుస్తున్నప్పుడు ఆవిడ నా గౌను అంచు రెండు వేళ్ళతో పట్టుకునేది. ఇంకెవరినీ ముట్టుకోని మనిషి నన్ను పట్టుకుంటుందని నాకు మహా గర్వంగా ఉండేది.

మామూలు రోజుల్లో వీధివాళ్ళకి ఆవిడ ఎర్రిది, మాలోకం. ఉగాది దాటాక వచ్చే గంగమ్మ పండగనాడు మాత్రం అమ్మోరు. ఘటాలు మా గుమ్మంలోంచే బయల్దేరేవి. తాటాకుల మంట మీద డప్పులు కాచి వాయించడం మొదలుపెట్టగానే పిన్ని చెవులు మూసుకుని ఒళ్ళంతా వణికిపోయేది, ముందుకీ వెనక్కీ ఊగేది, గొంతులోంచి సన్నటి కేక వచ్చేది. "అమ్మోరు దిగినాది, గట్టిగా కొట్టండ్రా" అని ఎవరో అనేవారు. పసుపు నీళ్ళు గుమ్మరించి, చేతుల్లో వేపమండలు కుక్కి, ఆవిడ చుట్టూ మూగి ఈ ఏడు వేట ఎలాగుంటాదని అడిగేవారు. ఆవిడ ఎంత వణికితే డప్పులు అంత దగ్గరికి జరిగేవి. డప్పు ఆగితే పిన్ని కూడా ఆగుతుందని నేను ఏడేళ్ళప్పుడే గమనించాను. చిన్నపిల్లని కాబట్టి తెలియలేదని చెప్పుకుంటే అది పచ్చి అబద్ధం. పండగనాడు మా ఇంటికి వచ్చే బూరెలూ, అరటి గెలలూ, వీధంతా మాకు పెట్టే దణ్ణాలూ నాకు ఇష్టం. అందుకే నోరు విప్పలేదు.

నేను నాలుగో తరగతిలో ఉన్న ఏడాది, పండగ పొద్దున్న పిన్ని కనిపించలేదు. బయట మంట మీద డప్పులు కాగుతున్న వాసన వస్తోంది, ఘటాలు పసుపు రాసుకుని సిద్ధంగా ఉన్నాయి, అమ్మమ్మ వీధి ఈ చివర నుంచి ఆ చివరికి తిరుగుతోంది. ఆ ఏడు పిన్ని వెనకాల చిన్న ఘటం నేను ఎత్తాలని మాటైంది. కొత్త పట్టు లంగా కట్టుకుని, పూలజడ వేయించుకుని గుమ్మంలో నిలబడ్డాను. అమ్మమ్మ వచ్చి నా గడ్డం పట్టుకుంది.

"నీ పిన్ని ఎక్కడున్నాదో నీకు తెల్దేటే? సెప్పవే బుల్లీ, ఏళయిపోతంది."

నాకు తెలుసు. తీసి పారేసిన వలల కుప్ప పక్కన, బోర్లా తిప్పిన పాత పడవ కింద, ఒక చెవి ఇసకకి ఆనించి ఇంకో చెవి మీద చెయ్యి పెట్టుకుని పడుకుని ఉంది. పొద్దున్నే చూసి వచ్చాను. పిన్ని రాకపోతే ఘటం లేదు, ఘటం లేకపోతే పట్టు లంగా ఎవరు చూస్తారు? చెయ్యెత్తి పడవ చూపించాను.

బయటికి రమ్మని ఎవరూ పిలవలేదు. అమ్మోరు అక్కడే ఉన్నాదని డప్పులన్నీ పడవ చుట్టూ చేర్చి వాయించారు. పడవ చెక్కలు అదురుతుంటే లోపలినుంచి ఆ సన్నటి కేక వచ్చింది, జనం చేతులు జోడించారు. ఆవిడ పాక్కుంటూ బయటికి వచ్చేసరికి మణికట్టు మీద తనే కొరుక్కున్న గాట్లలోంచి నెత్తురు కారుతోంది. నేను ఘటం ఎత్తుకుని వెనకాలే నడిచాను. మర్నాడు చేపల వరసల్లో ఎప్పటిలాగే పక్కకి వెళ్ళి నిలబడి గౌను అంచు ముందుకి పెట్టాను. పిన్ని పట్టుకోలేదు. ఆ తరవాత ఎప్పుడూ పట్టుకోలేదు. మూడేళ్ళకి వానాకాలం జ్వరంలో పోయింది. అమ్మోరు తన మనిషిని తాను తీసుకుపోయిందని వీధంతా ఏడ్చింది, వాళ్ళతో పాటు నేనూ ఏడ్చాను.

డాక్టరమ్మ లోపలికి పిలిచినప్పుడు, లహరి సంగతి కంటే ముందు, ఇది నిజంగానే పెరుగుతోందా అని అడిగాను. "ఇదివరకు గుర్తించనివాళ్ళని ఇప్పుడు గుర్తిస్తున్నాం, చాలావరకు అదే. నిజంగా కూడా కొంత పెరిగిందేమో, కాదని ఒట్టేసి చెప్పలేను" అన్నారావిడ. నాకు తెలిసిన ఒక్క పిన్నితో ఆ లెక్క తేలదని నాకూ తెలుసు. కానీ పెరగలేదనుకుంటే మాత్రం ఊరట ఏముంది? ఇంతకాలం వాళ్ళంతా ఏ పడవల కింద ఉన్నట్టు, వాళ్ళని ఎవరు చూపించినట్టు? కాగితం వెనక్కి అడిగి, "ఎవరికీ లేవు" కొట్టేసి, మా పిన్ని పేరు రాశాను. ఆవిడ పేరు ఒక కాగితం మీద చూడడం నాకు అదే మొదటిసారి.

ఆ సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి, పిన్నికి ఏముండేదని అడిగాను.

"ఏటుంటాది. అమ్మోరు ఉండీది" అంది. పాప అన్నం తిన్నాదా అని అడిగింది. తరవాత, "డప్పులంటే దానికి పడీది కాదే" అంది. అంటే తనకీ తెలుసు.

ఇప్పుడు ఆ ఇసక లేదు. పిన్ని చేపలు పేర్చిన చోట సిమెంటు పోసి ఐసు లారీలు నిలుపుతున్నారు. పాత పడవని ఎవరో పొయ్యిలోకి కొట్టుకుపోయారు. అమ్మమ్మా లేదు, ఘటాలు బయల్దేరడానికి మా గుమ్మమూ లేదు. డప్పులు మాత్రం ఉన్నాయి. మొన్న వినాయకుడి ఊరేగింపు మా వీధిలోకి తిరిగేసరికి కిటికీ అద్దాలు అదిరాయి. అత్తగారు హారతి పళ్ళెం పట్టుకుని గుమ్మంలోంచి కేకేశారు.

"పాపేదమ్మా? దేవుడు గుమ్మంలోకొచ్చాడు, దణ్ణం పెట్టించాలి. ఎక్కడుంది?"

లహరి పడకగదిలో మంచం కింద, ఒక చెవి గచ్చుకి ఆనించి పడుకుని ఉంది. నేను అప్పుడే చూసి వచ్చాను.

"తెలీదత్తయ్యా" అని చెప్పి, ఆ గది తలుపు దగ్గరికి వేసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాను.