తొట్టెలకు కట్టిన చీర

పని దిగాక చన్నీళ్లతోనే కడుక్కోవాలి. మేడ్చల్‌లోని ఆ షెడ్డులో చేరిన రోజు నాకు చెప్పిన మొదటి మాట అదే. వేడినీళ్లు పోసుకుంటే గాజు పొడి చర్మంలోకి ఇంకా దిగుతుందట. చలికాలంలో కూడా మోచేతుల దాకా చన్నీళ్లు పోసుకుని, వణుకుతూ అలియాబాద్ ఆటో కోసం నిలబడేదాన్ని.

మా షెడ్డులో చేసేవి కత్తి పిడులు. గాజు నారతో నేసిన బట్టను పొరలు పొరలుగా పరిచి, ఒక్కో పొరకూ రెజిన్ అనే జిగురు పూసి, ప్రెస్సులో నొక్కుతారు. రాయిలా గట్టిపడ్డాక ముక్కలు కోస్తారు. గరుకు కాగితంతో వాటిని రుద్ది నునుపు చేయడం మా ఆడవాళ్ల పని. నల్ల పొరలూ నారింజ పొరలూ కలిసినవి రుద్దుతుంటే చెక్కలో ఉన్నట్టే గీతలు తేలతాయి. చూడ్డానికి బాగుంటాయి. మా ఇంట్లో కత్తికి మాత్రం పగిలిన చెక్క పిడి, దాని చుట్టూ తాడు.

యాభై దాటాక ఊళ్లో సాయంత్రం బడికి వెళ్లి అక్షరాలు నేర్చుకున్నాను. ఆ బడి మూతపడ్డాక చదవడానికి నాకు మిగిలింది షెడ్డు గోడకు అంటించిన జాగ్రత్తల కాగితమే. రోజూ అన్నం గిన్నెతో దాని ముందు కూర్చుని పైనుంచి కిందికి చదివేదాన్ని. మొదట్లో వేలు పెట్టి, తర్వాత వేలు లేకుండా. ‘పని బట్టలను ఇంటి బట్టలతో కలపరాదు’ అన్న వరుస తడబడకుండా చదివిన రోజు, ఎవరూ చూడకపోయినా నాకు నేనే నవ్వుకున్నాను.

పనికి నేను మార్చి మార్చి కట్టుకునే రెండు చీరల్లో ఒకటి పాత నూలుది. మనవరాలు పుట్టినప్పుడు ఇంట్లో అంతకన్నా మెత్తటి బట్ట లేదు. రెండుసార్లు ఉతికి, దూలానికి దాన్నే తొట్టెల కట్టాను. పిల్లను అందులో వేసి ఊపేవాళ్లం.

కొన్నాళ్లకే పిల్ల వీపు మీద, పిక్కల మీద ఎర్రగా పొక్కులు లేచాయి.

“అమ్మతల్లి వచ్చినట్టుంది అత్తమ్మా,” అంది కోడలు.

నేనూ అదే అనుకున్నాను. గుమ్మానికి వేపమండలు కట్టాం. కూరల్లో పోపు మానేశాం. పిల్లకు స్నానం ఆపేశాం. ఏడ్చి ఏడ్చి పిల్ల గొంతు బొంగురుపోయింది. పాలు కూడా సరిగ్గా తాగడం లేదు. ఎత్తుకుంటే కాస్త ఊరుకునేది. ఊరుకోగానే మళ్లీ తొట్టెలలో వేసేదాన్ని.

మూడో రోజు పనికి వెళ్లక తప్పలేదు. నా పక్కన కూర్చుని రుద్దే పెద్దావిడను వదినె అని పిలుస్తాను. ఆమెకు సంగతి చెప్పాను.

“ముఖం మీద ఎన్ని లేసినయే?”

“ముఖం మీద లేవు వదినె.”

“పొట్ట మీద?”

“లేవు.”

ఆమె చేతిలోని పిడి కింద పెట్టింది. “గిదేం అమ్మతల్లే? ముఖం ఇడ్సిపెట్టి వీపుకే వస్తదా? పిల్లను దేంట్ల పండవెడుతున్నరు?”

చెప్పాను. ఆమె నా మోచేతుల వైపు చూసింది. అక్కడా అవే ఎర్ర చుక్కలు.

“రోజు గా గోడ ముంగట కూసొని గడగడ సదువుతవు గదనే. ఏం సదివినవు మరి?”

ఆ వరుస కళ్లు మూసుకున్నా చెప్పగలను. అది నాకు చెబుతున్న మాటని మాత్రం ఒక్కరోజూ తోచలేదు.

సూపర్‌వైజర్‌కు చెప్పి అప్పుడే ఇంటికి వచ్చాను. తొట్టెల విప్పి చీరను ఎండకు పట్టి చూస్తే, నూలు మధ్య సన్నగా మెరుస్తూ ఏవో కనిపించాయి. పిల్లకు స్నానానికి నీళ్లు తెమ్మన్నాను.

“అమ్మతల్లి ఉండంగ నీళ్లు వోస్తరా అత్తమ్మా?”

“అమ్మతల్లి కాదు బిడ్డా. నేనే.”

కోడలు నీళ్లు తెచ్చింది. స్నానమయ్యాక శామీర్‌పేట తీసుకెళ్లి డాక్టరమ్మకు చూపించాం. ఆమె కూడా గాజు పొడి వల్లేనంది. పూతమందు రాసింది. ఆ సాయంత్రం పిల్ల కడుపునిండా పాలు తాగి, తల్లి ఒడిలో నిద్రపోయింది.

ఇప్పుడు పని చీర షెడ్డులోనే విడిచి వస్తున్నాను. కోడలు ఆ విషయం మళ్లీ ఎత్తలేదు. అయితే నేను ఇంటికొచ్చి స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకునేదాకా పిల్లను నా చేతికివ్వదు. అది సబబే. కొన్ని రోజులు ఆ స్నానానికి ఒంట్లో ఓపిక ఉండదు. అప్పుడు గడప బయటే కూర్చుంటాను. పిల్ల నన్ను చూసి చేతులు చాపుతుంది. నేను మాత్రం నా చేతులు ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంటాను.