రేవతి దాటేదాకా

పిన్నిగారు పోయారని కాకినాడ నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసినప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "ఎన్నింటికి?" అని. ఎలా పోయారు, బాధపడ్డారా, దగ్గర ఎవరున్నారు, ఇవేవీ అడగలేదు. అవతల ఆ అమ్మాయి మెల్లగా, "తెలీదు అన్నయ్యగారూ. పొద్దున్న కాఫీ తీసుకెళ్ళి లేపితే లేవలేదు. ఏ వేళప్పుడు పోయిందో ఏంటో," అంది. ఫోన్ పెట్టేశాక సిగ్గేసింది. మనిషి పోయిందంటే గడియారం వంక చూసే రకాన్ని కాను నేను ఒకప్పుడు. నన్నలా తయారుచేసింది కూడా ఆ పిన్నిగారే.

పిన్నిగారు నాకు చుట్టం కాదు. రాజమండ్రి ఆర్యాపురంలో మేం పదమూడేళ్ళుగా అద్దెకుంటున్న ఇల్లు ఆవిడది. పాతకాలపు పెంకుటిల్లు, రెండు వాటాలు. కుడి వాటా మాది, ఎడమ వాటా ఆవిడది, మధ్యలో ఒక తలుపు, వెనక ఉమ్మడి పెరడు. మేం దిగిన రోజున ఆవిడ చెప్పిన షరతులు వింటే అప్పుడే సామాను మళ్ళీ లారీ ఎక్కించాలనిపించింది. గోడకి మేకు కొట్టకూడదు. వంటింటి గట్టు మీద కొబ్బరికాయ కొట్టకూడదు. పెరట్లో కరివేపాకు కోసుకోవచ్చు కానీ ఆవిడకి చెప్పి కోసుకోవాలి. నేను కాస్త ముక్కోపిని. "ఇంకా గాలి పీల్చడానికి కూడా అడగాలాండీ?" అన్నాను. ఆవిడ నవ్వలేదు, కోప్పడనూ లేదు. "గాలి మీ ఇష్టం బాబూ, మేకుల సంగతే నాది," అన్నారు.

నేను ఒక కాలేజీ ఆఫీసులో గుమస్తాని. మా ఆవిడ స్కూల్లో టీచరు. మేం ఆ ఇంట్లో దిగిన రెండో ఏడు మా అమ్మకి పక్షవాతం వచ్చి మంచాన పడింది. ఇద్దరం ఉద్యోగాలకి పోతే పగలు ఎవరు చూస్తారని తలపట్టుకుని కూర్చుంటే, మధ్య తలుపు తీసుకుని ఆవిడే వచ్చారు. "నేను చూస్తాలే. ఎలాగూ గోడ అవతల కూర్చునేదాన్ని, ఇవతల కూర్చుంటాను," అన్నారు. మంచం పట్టిన మనిషి ఉందంటే ఇల్లు ఖాళీ చేయించే ఊరిది. ఇంట్లో చావు జరిగితే మళ్ళీ ఎవరూ అద్దెకి రారని వాళ్ళ భయం. ఆ భయం ఈవిడకి లేదనుకున్నాను. ఉందని తర్వాత తెలిసింది.

అమ్మ పోయిన రోజు మా ఆవిడ మా పాపని తీసుకుని పుట్టింటికి వెళ్ళింది. సాయంత్రం ఐదున్నరకి పిన్నిగారు ఆఫీసుకి ఫోన్ చేసి, "మీ అమ్మకి నలతగా ఉంది, వెంటనే రా," అన్నారు. ఆటోలో పడి వచ్చేసరికి ఆరవుతోంది. అమ్మ మెడదాకా దుప్పటి కప్పి ఉంది. పిన్నిగారు తులసాకు వేసిన నీళ్ళ గ్లాసు నా చేతికిచ్చి, "ఇంకా ఊపిరుంది బాబూ. నీ చేత్తో పొయ్యి," అన్నారు. అమ్మ చెయ్యి పట్టుకున్నాను, వెచ్చగానే ఉంది. "అమ్మా, నేనొచ్చాను," అన్నాను. మూడు చెంచాలు పోశాను. గొంతు కదిలింది, గుటక వేసింది. అది నా కళ్ళతో చూశాను. ఆ తర్వాత పిన్నిగారు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, తల అడ్డంగా ఊపారు.

పంతులుగారు టైము అడిగి పంచాంగం తిరగేసి, "ఎంత పుణ్యాత్మురాలండీ. ముక్కోటి ఏకాదశి ఘడియలు అప్పుడే వచ్చాయి. వైకుంఠ ద్వారాలు తీసి ఉంటే నేరుగా వెళ్ళిపోయింది," అన్నారు. నాకు నమ్మకాలు లేవని ఊరంతా చెప్పుకు తిరిగేవాణ్ణి. అయినా ఆ మాట పట్టుకుని వేలాడాను. కర్మకి వచ్చినవాళ్ళందరికీ ఏకాదశి సంగతి చెప్పాను, తులసినీళ్ళు గుటక వేసిన సంగతి ఇంకా ఎక్కువసార్లు చెప్పాను. కొడుకు చేతి నీళ్ళు గొంతు దిగి పోవడం అందరికీ రాసిపెట్టి ఉండదని వాళ్ళంటుంటే నాకు లోలోపల గర్వంగానే ఉండేది.

మూడో రోజున పిన్నిగారు అమ్మ పడుకున్న చోట గ్లాసుతో నీళ్ళు పెట్టి మూత వేస్తుంటే, "పోయినావిడ వచ్చి తాగుతుందా పిన్నిగారూ?" అన్నాను. దానికి ఆవిడ చెప్పిన జవాబు ఇల్లు అద్దెకిచ్చుకునే మనిషి మాత్రమే చెప్పగలదు. "ప్రాణం పోవడమంటే కరెంటు పోవడం కాదు బాబూ. అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసినట్టు. నేను ఎంతమందిని చూశానో. ఎవరూ ఒక్క బండిలో అంతా సర్దుకుపోలేరు. చీపురు మర్చిపోతారు, అటక మీద బిందె మర్చిపోతారు, మళ్ళీ మళ్ళీ వస్తారు. వచ్చినప్పుడు తలుపేసి ఉంటే ఉసూరుమంటారు." ఆ మరుసటి వారం ఆవిడే సుత్తీ మేకూ పట్టుకొచ్చి, నా చేత గోడకి కొట్టించి, అమ్మ ఫోటో పెట్టించారు. ఆ ఇంట్లో మేం కొట్టిన మేకు అదొక్కటే.

ఇంకో పని చేశారావిడ. అప్పట్లో అది ఆవిడ చాదస్తమనుకున్నాం. కర్మ అయిన రోజు నుంచి పరుపు చుట్టుకుని మా ముందు గదిలోకి వచ్చేశారు. "పాప చిన్నది, భయపడుతుంది, తోడుంటాను," అన్నారు. సరిగ్గా అమ్మ మంచం ఉన్న చోటే పరుచుకునేవారు. పాప అటు ఆడుకోబోతే కసిరేవారు. మోకాళ్ళ నొప్పులతో కింద పడుకుని లేవడానికి గోడ పట్టుకుని మూలిగేవారు, మంచం వేస్తామంటే ఒప్పుకునేవారు కాదు. "రావడం ఈవిడ ఇష్టమే, పోవడం కూడా ఈవిడ ఇష్టమేనా," అని మా ఆవిడ దగ్గర సణిగేవాణ్ణి. ఆరు నెలలు గడిచాక ఒక పొద్దున్న ఏం చెప్పకుండా పరుపు చుట్టుకుని తన వాటాలోకి వెళ్ళిపోయారు.

రెండేళ్ళ కిందట ఆవిడకి చూపు ఆనక, కాకినాడలో కూతురి దగ్గరికి వెళ్ళడానికి సిద్ధమయ్యారు. బయల్దేరే ముందు రోజు మధ్యాహ్నం వరండాలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ నన్ను కూర్చోమన్నారు.

"మీ అమ్మ పోయింది ఆరింటికి కాదు బాబూ. నాలుగుంపావుకి," అన్నారు.

నాకు ముందు అర్థం కాలేదు. ఆవిడ చెప్పుకుంటూ పోయారు. పోయినప్పుడు రేవతీ నక్షత్రం. రేవతిలో ప్రాణం పోతే ఆ ఇల్లు ఆరు నెలలు పాడుపెట్టాలి, దీపం కూడా పెట్టకుండా తాళం వేసేయాలి. రెండు వాటాలకీ కప్పు ఒక్కటే. "నీ పెళ్ళాం, పిల్ల, నువ్వు, నేను, అందరం రోడ్డున పడతాం. మైల మీదున్నవాళ్ళకి ఇల్లెవరిస్తారు? గంటల పంచాంగం చూశాను. రేవతి దాటేదాకా ఆగాను. వేడినీళ్ళ సంచి పెట్టి చెయ్యి వెచ్చగా ఉంచాను. తర్వాతే నీకు ఫోన్ చేశాను."

"అద్దె పోతుందని చేశారా?" అన్నాను.

"అదీ ఉంది బాబూ. అబద్ధమెందుకు," అన్నారు ఆవిడ.

"మరి నేను పోసిన నీళ్ళు?"

ఆవిడ చేతిలో కాయ పళ్ళెంలో పెట్టేసి, "దిండు తడిసింది. నువ్వు చూడకుండా నేనే తిరగేశాను," అన్నారు. "పైకెళ్ళాక మీ అమ్మ ఎదురొస్తే ఏం చెప్పాలో తెలీక నీకు చెప్తున్నాను. నక్షత్రం ఊరికే పోదని తెలుసు. అందుకే ఆ ఆరు నెలలూ అక్కడ పడుకున్నాను. పట్టుకుంటే నన్ను పట్టుకుంటుంది, మీ జోలికి రాదని."

ఆ ఆఖరు మాట అప్పుడు నా చెవికెక్కలేదు. దిండు తడిసిందన్న దగ్గరే ఆగిపోయాను. పిన్నిగారితో మళ్ళీ మాట్లాడలేదు. మర్నాడు ఆవిడ కారెక్కుతుంటే నేను ఆఫీసుకి ముందే వెళ్ళిపోయాను.

నాలుగుంపావుకంటే ఇంకా దశమే. నమ్మకాలు లేనివాడికి అన్నేళ్ళ తద్దినాలు తప్పు తిథి నాడు పెట్టానన్న దిగులెందుకు? వచ్చింది. ఏకాదశి నాడు నేను విస్తరేసి పిలుస్తుంటే, ముందు రోజే వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి, ఎవరూ పిలవకపోతే వెళ్ళిపోయి ఉంటుందని అనిపించేది. తొమ్మిదేళ్ళు అలా ఆకలితో తిప్పి పంపానా అని అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడల్లా గుర్తొచ్చేది. పిఠాపురం పాదగయకి వెళ్ళి అక్కడి పంతులుగారిని అడిగాను. ఆయన అంతా విని, "ఇన్నేళ్ళు ఏకాదశికి పెట్టారు కదండీ. ఆవిడకీ అదే అలవాటైపోయుంటుంది. మార్చి కంగారుపెట్టకండి," అన్నారు. నాకు ఒళ్ళు మండింది. అయినా ఆ ఏడు దశమి నాడూ పెట్టాను, ఏకాదశి నాడూ పెట్టాను. రెండు రోజులూ అనుమానంతోనే పెట్టాను.

అంతకన్నా పీడించింది ఆ గుటక. నేను చూశాను. గొంతు కదలడం చూశాను. గంటా ముప్పావు కిందటే పోయిన మనిషి గొంతులో కదిలిందేమిటి? నా చెంచా వణికి అలా కనపడిందా? లేక పిన్నిగారు చెప్పినట్టు, మర్చిపోయిన సామాను కోసం అమ్మ అప్పటికే ఒకసారి వెనక్కి వచ్చిందా? కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ కదులుతుంది.

ఈ రెండేళ్ళలో కాకినాడ నుంచి ఆ అమ్మాయి మూడుసార్లు ఫోన్ చేసింది. "అమ్మ మీతో ఇంకో మాట చెప్పాలంటోందండి. ఫోన్లో చెప్పనంటోంది. ఒకసారి రండి." గంటన్నర బస్సు ప్రయాణం. ఆఫీసులో ఆడిట్ ఉందన్నాను. పాపకి పరీక్షలన్నాను. మూడోసారి ఏమన్నానో గుర్తులేదు. ఇంకేం చెప్తుంది, ఇంకేం మిగిల్చిందని లోపల కుతకుతలాడేవాణ్ణి. ఆఖరికి వెళ్ళాను, ఆవిడ పోయిన పదో రోజున.

కర్మ అయి అందరూ భోజనాలకి లేచాక ఆ అమ్మాయి నన్ను పక్కకి పిలిచింది. "అన్నయ్యగారూ, అమ్మ చెప్పమన్న మాట చెప్పేస్తానండి. టైము మార్చిన సంగతి మీకు చెప్పేసిందంట కదా. అసలు చెప్పాల్సింది అది కాదంటండి."

"మరేంటమ్మా?"

"మీ అమ్మగారు పోయే ముందు కళ్ళు తెరిచి, 'వాడొచ్చాడా?' అని అడిగారంట. మీరింకా రాలేదు. అమ్మేమో, 'వచ్చాడు అక్కగారూ, పెరట్లో కాళ్ళు కడుక్కుంటున్నాడు, వచ్చేస్తున్నాడు' అందంట. ఆవిడ సరేనని పెరటి గుమ్మం కేసి చూస్తూ ఉన్నారంట. అలా చూస్తూనే పోయారంటండి." ఆ అమ్మాయి పైట చెంగుతో ముఖం తుడుచుకుంది. "టైము మార్చినందుకు అమ్మ ఎప్పుడూ ఏడవలేదండి. దీనికే ఏడ్చేది. ఎదురుచూసే మనిషికి అబద్ధం చెప్పి పంపేశానే అని."

ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పకుండా దాటేసిన సంగతి ఒకటి ఇక్కడ ఒప్పుకోవాలి. ఆ రోజు పిన్నిగారు ఆఫీసుకి చేసిన ఫోన్ ఐదున్నరది ఒక్కటే కాదు. మధ్యాహ్నం రెండింటికి కూడా చేశారు. "మీ అమ్మ నిన్ను అడుగుతోంది బాబూ," అన్నారు. "సాయంత్రం వస్తానుగా పిన్నిగారూ," అని పెట్టేశాను. నాలుగుంపావుకి నేను క్యాంటీన్లో టీ తాగుతూ ఎవరి ట్రాన్స్ఫర్ గురించో కబుర్లు చెప్తున్నాను. ఆవిడ నన్ను ఒక్కసారి కూడా ఆ రెండింటి ఫోన్ గురించి ఎత్తి పొడవలేదు. నేను రాకపోయిన లోటుని అటు అమ్మకి తెలియకుండా, ఇటు నాకు తెలియకుండా, మధ్యలో కూర్చుని కప్పేశారు. ఆ మాట ఆవిడ ముందు కూర్చుని ఒప్పుకోవడానికి నాకు రెండేళ్ళ వ్యవధి దొరికింది. వెళ్ళలేదు.

కాకినాడ నుంచి ఇంటికొచ్చేసరికి పొద్దుగూకుతోంది. కర్మ ఇంటి నుంచి వచ్చినవాణ్ణి కదా, వీధి గుమ్మం ఎక్కకుండా పక్క సందులోంచి పెరట్లోకి వెళ్ళి కుళాయి తిప్పాను. చెప్పులు విడిచి, ఒక కాలు, తర్వాత ఇంకో కాలు కడిగాను. మట్టి ఎప్పుడో పోయింది. వంటింట్లో మా ఆవిడ గిన్నెలు సర్దుతోంది. ఎదురుగా పెరటి గుమ్మం తలుపు బార్లా తీసి ఉంది, లోపల ఇంకా లైటు వెయ్యలేదు. ఆ చీకట్లో కనిపిస్తున్న, అమ్మ మంచం ఉండే మూల నుంచి పదకొండేళ్ళుగా ఎవరో ఇటే చూస్తున్నారని, పిన్నిగారి మాట నమ్మి, నేను కాళ్ళు కడుక్కోవడం అయ్యేదాకా ఓపిగ్గా ఆగుతున్నారని నాకు తెలిసిపోయింది. కుళాయి కట్టేస్తే లోపలికి వెళ్ళాలి. వెళ్తే అక్కడ ఖాళీ నేల కనపడుతుంది. కడిగిన కాళ్ళే మళ్ళీ కడుక్కుంటూ, నీళ్ళు కాలవ దాటి కరివేపాకు మొక్క మొదట్లోకి పారుతున్నా, అక్కడే నిలబడిపోయాను.