చెయ్యి అడిగిన ఆపా

మా ఆయన పోయాక నన్ను గోడవార చాప మీద కూర్చోబెట్టారు. మా అక్క ఊరి నుంచి వచ్చి పొయ్యి ముట్టనియ్యలేదు, బిందె ఎత్తనియ్యలేదు. నీళ్లు కూడా నోటి దగ్గరికే తెచ్చేది. ప్రేమే, కాదనలేను. కర్మ అయిపోయాక కూడా అలాగే కూర్చున్నాను. బయటికి పోతే నలుగురూ చూస్తారని ఒకటి, లేచి ఏం చేయాలని ఒకటి.

ఒక పొద్దున లేవబోతే మోకాళ్లు సాగలేదు. నడుము కట్టెలా బిగిసింది. మా ఆయన పక్షవాతంతోనే మంచం పట్టి పోయాడు. అదే నాకూ వచ్చిందనుకున్నాను. మా ఊరు లాల్‌గడి మలక్‌పేట్‌లో పాలకూర కోసే కూలి తప్ప నాకు వేరే ఆధారం లేదు. గొంతుకూర్చోలేని దాన్ని మడిలోకి ఎవరు పిలుస్తారు?

పక్కింటామె నాతోపాటే కూర కోతకు వచ్చేది. ఆపా అంటాను, వాళ్ల మాటలో అక్క అని. ఆమె భర్త పోయినప్పుడు వాళ్ల ముస్లింల పద్ధతి ప్రకారం నెలల తరబడి గడప దాటలేదు. ఆ రోజు వచ్చి నా పక్కనే చాప మీద కూర్చుంది. నా భయం చెప్పాను. రెండు చేతులూ ఎత్తమంది, ఎత్తాను. తన వేళ్లు గట్టిగా పట్టమంది, పట్టాను.

“మీ ఇంటాయనకు ఒక్క పక్కనే పడ్డది గద చెల్లె. నీకు రెండు మోకాళ్లు పట్టినయ్. కూసొని కూసొనే పట్టినయ్. నాకూ గిట్లనే అయింది. గడప దాటలే గని, లోపల్నే పొయ్యి కాడికెంచి తలుపు దాకా తిరిగేదాన్ని.”

అయినా నేను కదల్లేదు. అప్పుడామె మోకాలు పట్టుకొని మూలిగి, చెయ్యి చాపింది.

“నాకూ పట్టేసింది. జర లేపు.”

దానితో పని చేయించకమ్మా అని మా అక్క అడ్డం వచ్చింది.

“పని గాదక్కా. చెయ్యి అడుగుతున్న.”

అడిగితే ఇవ్వకుండా ఎట్లా? గోడ పట్టుకొని, పళ్లు బిగబట్టి లేచాను. ఆమెను నేను లాగానో, నన్ను ఆమె లాగిందో ఇప్పటికీ తెలియదు. నిలబడ్డాక చూస్తే ఆమె ముఖంలో నొప్పి లేదు, నవ్వుంది. ఎంత తెలివిగల మనిషి!

తర్వాత దవాఖానలో నర్సమ్మ కూడా అదే చెప్పింది. కదలకపోతే కండరాలు బిగుస్తాయట. కీళ్లలో ఉండే జిగురు నీరు మనం కదిలితేనే మెదులుతుందట. రోజూ తలుపు దాకా, ఆ తర్వాత వాకిలి దాకా నడిచాను.

మళ్లీ మడిలో గొంతుకూర్చున్న రోజు సాయంత్రం, కట్టలన్నీ ఆటోకెక్కించే వేళకు ఆపా లేవలేకపోయింది. ఈసారి నిజంగానే పట్టేసింది. ఆమె అడగకముందే చెయ్యి ఇచ్చాను.