లైనింగు వేసిన గులాబీ చొక్కా

కావలి బజారులో మగవాళ్ళకి చొక్కాలు కుట్టీ కుట్టీ నా మెడ వంగిపోయింది. మా నాయన కూర్చున్న మిషను ముందే నేనూ కూర్చున్నాను. తెలుపు, నీలం, గళ్ళు, చారలు, ఎన్నికలొస్తే పార్టీ రంగులు, అన్నీ కుట్టాను గానీ బజారంతటికీ గులాబీ రంగు చొక్కాలు కుట్టమని అడిగిన మనిషి మాత్రం ఒక్కడే. మా వర్తకుల సంఘం అధ్యక్షుడు. ఇనుప సామాన్ల కొట్టాయన. రొమ్ము కాన్సరు గురించి ఆడవాళ్ళకి తెలియజెప్పాలంటే ముందు మగవాళ్ళం కదలాలని, అందరం గులాబీ చొక్కాలు వేసుకుని ఊరేగింపుగా పోవాలని, మైదానంలో లేడీ డాక్టర్లతో పరీక్షల టెంటు వేయించాలని ఆయన పట్టుబట్టాడు. ఇనుము అమ్మేవాడి పట్టు ఇనుములాగే ఉంటుంది. ఎవరూ కాదనలేకపోయారు.

కొలతలకి వచ్చిన ప్రతివాడూ గులాబీ గుడ్డ తానువైపు చూసి మొహం ముడుచుకున్నాడు.

"ఈ రంగేసుకోని పోతే మా ఇంటామె తలుపు తీస్తాదా భాయ్?" అన్నాడు మిఠాయి కొట్టాయన.

"రంగుకి మీసాలు రాలిపోవులేబ్బా. చేతులెత్తు" అన్నాను. నేను కూడా నవ్వుతూనే అన్నాను. ఆ రోజుల్లో నేను నవ్వడం చాలా బాగా నేర్చుకున్నాను.

అందరి తర్వాత అధ్యక్షుడు వచ్చాడు. ఛాతీ కొలవడానికి టేపు చుట్టూ తిప్పుతుంటే, చేతులెత్తి నిలబడి ఎదురుగా గోడ చూస్తూ చెప్పాడు.

"మా అక్క ఏడాది దాచిపెట్టింది భాయ్. జాకెట్లో గుడ్డలు కుక్కుకోని తిరిగింది. చెప్పుకోను సిగ్గంట. మాకు తెలిసేతలికి ఇంకేం మిగల్లా."

టేపు పట్టుకున్న నా చెయ్యి ఆగిపోయింది. తన అక్క కోసం నేను బాధపడుతున్నానని ఆయన అనుకున్నాడు. నా భుజం తట్టి వెళ్ళిపోయాడు. నేను బాధపడింది ఆమె కోసం కాదు. ఆమె దాచుకున్నదే నా బనీను కింద కూడా ఉంది.

ఎండాకాలంలో తెలిసింది నాకు. బల్ల మీదికి వంగి గుడ్డ కత్తిరించేటప్పుడు అంచు ఎడమ రొమ్ముకి తగిలి చురుక్కుమనేది. తడిమి చూసుకుంటే చనుమొన వెనకాల చింతగింజంత గడ్డ. నొక్కితే కదలదు. రానురాను మొన లోపలికి పోయింది. అప్పుడప్పుడు బనీనుకి గోధుమరంగు మరక అయ్యేది. ఆ బనీన్లు నేనే ఉతుక్కునేవాణ్ణి. నా భార్య ఆశ్చర్యపోయింది గానీ అడగలేదు.

డాక్టరు దగ్గరికి పోవచ్చు కదా అంటారు. మా బజారు మంచిదే గానీ దాని నోరు మంచిది కాదు. ఎప్పుడో కాలు బెణికి నాలుగు రోజులు కుంటినందుకు ఒక కిరాణా కొట్టాయన్ని ఈనాటికీ కుంటి శెట్టి అనే పిలుస్తారు. ఆయన నాకంటే నిటారుగా నడుస్తాడు. ఇక ఆడవాళ్ళ జబ్బు వచ్చిన టైలరంటే వదులుతారా? ఊళ్ళో ఏ ఆస్పత్రికి పోయినా చీటీ రాసేవాడు నేను కుట్టిన ప్యాంటు వేసుకుని కూర్చుని ఉంటాడు. శుక్రవారం మసీదులో భుజానికి భుజం ఆనించి నిలబడినప్పుడు పక్కవాడి మోచెయ్యి తగులుతుందేమోనని ముడుచుకుపోయేవాణ్ణి. జబ్బంటే భయం, నవ్వులపాలవుతానంటే అంతకంటే భయం. కక్కలేక మింగలేక అంటారే, అదీ నా బతుకు.

ఇంతలో నా చొక్కా కుట్టుకునే వంతు వచ్చింది. పల్చటి గులాబీ గుడ్డ. మరక అయిందంటే దాగదు. పైగా అది వానలు పడే కాలం, తడిస్తే ఒంటికి అతుక్కుంటుంది. అందుకని ఎడమవైపు జేబు వెనకాల, లోపలి పక్క, ఆడవాళ్ళ జాకెట్లకి వేసినట్టు రెండు పొరల లైనింగు వేశాను. కుట్టు పైకి కనపడకుండా జేబు కుట్టు మీదుగానే పోనిచ్చాను. అద్దంలో చూసుకున్నాను. బజారులో ఏ కన్నూ పట్టలేదు. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

మా ఇంట్లో ఒక పద్ధతుంది. కత్తెరా మిషనూ నావి, కాజాలూ గుండీలూ ఆమెవి. పెళ్ళయినప్పటినుంచీ అంతే. మధ్యాహ్నం అన్నాలయ్యాక చొక్కాలన్నీ తిరగేసి ఒళ్ళో వేసుకుని కూర్చుంటుంది. దారప్పోగులు తుంచి, కుట్లు చూసి, ఆ తర్వాతే కాజా మొదలుపెడుతుంది. బజారు చొక్కాని పైనుంచి చూస్తుంది, నా భార్య లోపలినుంచి చూస్తుంది. బజారు కన్ను కప్పడానికి అంత తిప్పలు పడ్డవాణ్ణి, ఆ చొక్కాని నా చేత్తోనే తీసుకెళ్ళి మిగతావాటితో కలిపి ఆమె ఒళ్ళో పెట్టాను. అలవాటు అట్లాంటిది.

"ఇదేందయ్యా, ఈ ఒక్కదానికి జేబెనక లైనింగు వేసుండావు? మగ చొక్కాకి లైనింగేంది?"

"చెమటకి."

"చెమట ఒక పక్కనే పడతాదా?"

నేను బాబిన్ మారుస్తున్నట్టు తల వంచుకున్నాను. ఆమె కాలరు చూసింది, చేతుల పొడవు చూసింది. కొలత నాదని తెలియడానికి ఎంతసేపు. లేచి వచ్చి, నా బనీను మీద సరిగ్గా ఆ చోట అరచెయ్యి పెట్టింది. గడ్డ దొరికింది. చెయ్యి తీయలేదు.

"ఎప్పట్నించి?"

"ఎండాకాలం నించి."

"రేపే నెల్లూరు పోదాం పా."

"ఊరేగింపు అయిపోనీ. బజార్లో ఎవరికీ చెప్పబాకు. ఒట్టెయ్."

ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు తేలికయ్యేది. "నేను చెప్పన్లే. నువ్వు చెప్పిందాకా నోరు తెరవను. కానీ ఆ రోజు టెంటు కాడ నేనుంటా" అంది. తర్వాత మళ్ళీ కూర్చుని ఆ చొక్కాకే కాజాలు కుట్టింది. ఎప్పుడూ లేనిది సూది గుచ్చుకుని వేలు నోట్లో పెట్టుకుంది.

ఊరేగింపు రోజు పొద్దున్నుంచీ ముసురు. బ్యానరు ఒక కర్ర నా చేతికిచ్చారు, రెండో కర్ర మిఠాయి కొట్టాయనకి. దాని మీద పెద్దక్షరాలతో, సిగ్గుపడవద్దు, చూపించుకోండి అని ఉంది. ఆ మాటని నా చేత్తోనే స్టేషన్ రోడ్డంతా మోయించారు. గులాబీ చొక్కాల్లో బజారంతా నా వెనక నడిచింది. నేను కుట్టిన చొక్కాలే, నేను కొలిచిన ఛాతీలే. మేడల మీదినుంచి ఆడవాళ్ళు చూసి నవ్వితే, గుమ్మడికాయల దొంగలా నేను జేబు తడుముకున్నాను.

మైదానంలో టెంటు ముందు మమ్మల్ని నిలబెట్టారు. గుమ్మానికి ఆడవాళ్ళకు మాత్రమే అని బోర్డు. కర్ర వదిలితే బ్యానరు కూలుతుంది కాబట్టి కదలడానికి లేదు. వరసలో అందరికంటే ముందు నా భార్య. కానీ ఆమె లోపలికి పోవడం లేదు. నువ్వు పోమ్మా, నువ్వు పో అని వెనకవాళ్ళని పంపిస్తూ గుమ్మంలోనే నిలబడి నన్ను చూస్తోంది. ఒట్టు వేసింది, మాట్లాడదు. కదిలి పక్కకి పోదు. ముందు ఆమె, వెనక బజారు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏమిటో ఆ తడి చొక్కాలో నిలబడి తెలుసుకున్నాను.

వరస తగ్గిపోతోంది. లోపల నర్సులు సామాను సర్దుకుంటున్న చప్పుడు వినిపించింది. ఇవాళ ఈ గుమ్మం మూసేస్తే రేపు నెల్లూరు పోనని నాకు తెలుసు. పండగ పని ఉందంటాను, తర్వాత పెళ్ళిళ్ళ పని ఉందంటాను. దాచుకోవడానికి నా దగ్గర గుడ్డకి కరువా?

అధ్యక్షుడు మైకు పట్టుకుని అటు చూశాడు. "ఏమ్మా, అందర్నీ పంపిస్తా నువ్వు నిలబడిపోయినావేంది? సిగ్గుపడబాక." ఆమె నావైపే చూసింది. ఆయన మైకుతోనే నా దగ్గరికి వచ్చాడు. "భాయ్, నువ్వన్నా చెప్పు మీ ఇంటామెకి. మా అక్క మాదిరి చేసుకోబాకండి."

"ఆమెకి కాదన్నా" అన్నాను. "నాకు."

మెల్లగానే అన్నాను. కానీ మైకు మా ఇద్దరి మధ్యా ఉంది. 'నాకు' అన్న మాట మైదానం నాలుగు మూలల నుంచీ తిరిగి నా చెవిలోకే వచ్చింది. వెనక ఎవడో నవ్వబోయి ఆగిపోయాడు. మిఠాయి కొట్టాయన చేతిలో కర్ర వంగింది. అధ్యక్షుడు నన్ను చూశాడు, నా జేబుని చూశాడు. కొలతల రోజు నా చెయ్యి ఎందుకు ఆగిందో ఆయనకి అప్పుడు అర్థమైంది. మైకు కట్టేసి నా చేతిలో కర్ర తను తీసుకున్నాడు.

"పో భాయ్" అన్నాడు.

మిగిలిన ఆడవాళ్ళు పైటలు సర్దుకుని దారి ఇచ్చారు. సముద్రం ఒడ్డు పట్టపుపాలెం నుంచి వచ్చిన ఒక ముసలామె, "పో నాయనా, ఒళ్ళంటే అందరికీ ఒళ్ళే గదా" అంది. లోపల డాక్టరమ్మ చొక్కా తీయమంది. తడిసిన లైనింగు చర్మానికి అతుక్కుని ఉంటే నా భార్య మెల్లగా ఊడదీసింది. డాక్టరమ్మ చాలాసేపు నొక్కి చూసింది. ఏమీ లేదులెండి అంటుందని ఎదురుచూశాను. అనలేదు. మర్నాడే నెల్లూరు పొమ్మంది.

అది ఆ జబ్బే. ఎడమవైపు తీసేశారు. ఇప్పటికీ రోజూ మాత్ర మింగుతున్నాను. భయం పోయిందని అబద్ధం చెప్పను. పరీక్షకి వెళ్ళే రోజు బస్సు ఎక్కితే ఆ టెంటు గుమ్మం ముందు నిలబడినట్టే ఉంటుంది. నేను అనుకున్నట్టే బజారు నాకు పేరు కూడా పెట్టింది, గులాబీ భాయ్ అని. పిలుస్తారు, పలుకుతాను.

ఈ ఏడు మళ్ళీ గులాబీ తాను వచ్చింది. కొలతలకి వచ్చినవాళ్ళు చేతులెత్తి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఇక్కడేమన్నా ఉందేమో చూడు భాయ్" అంటున్నారు. అందరికంటే ముందు అడిగింది మిఠాయి కొట్టాయనే. నేను టైలర్నబ్బా, టెంటుకి పో అంటాను. బోర్డు మీద ఆడవాళ్ళకు మాత్రమే అన్న మాటని అధ్యక్షుడు తనే చెరిపించాడు.

నా పాత కొలత నాకిప్పుడు పనికిరాదు. నా భార్యే టేపు పట్టి కొలిచింది. ఎడమవైపు గుడ్డ లోపలికి పడిపోతుంది. లోపల లైనింగు వేసి కాస్త నింపితే రెండువైపులా సమంగా కనపడేది. ముక్క కూడా కత్తిరించాను. కాసేపు చేతిలో పట్టుకుని, తీసి చిత్తుగుడ్డల్లో వేశాను. చొక్కా ఆమె ఒళ్ళో పెట్టాను. తిరగేసి చూసింది. జేబు వెనకాల చెయ్యి పోనిచ్చి చూసింది. ఏమీ లేదు. సూదిలో దారం ఎక్కించి కాజా మొదలుపెట్టింది.